గుర్తుల సారూ, గోల పాటలూ

పోయిన నెల రేపల్లె బస్టాండులో తెనాలి బస్సు కోసం నిలబడి ఉంటే, బఠాణీలు అమ్ముకునే పెద్దాయన ఒకాయన నా ముందుకొచ్చి ఆగాడు. అరవై దాటి ఉంటాయి. ఒంటి మీద నల్ల టీషర్టు. దాని మీద మేక పుర్రె, కొమ్ముల మధ్య తలకిందులుగా సిలువ, కింద ముళ్ళకంపలా అల్లుకున్న అక్షరాలు. ఆ బ్యాండు పేరు నాకు తెలుసు. ఒకప్పుడు వాళ్ళ పాటలు నాకు కంఠతా వచ్చు.

"ఈ చొక్కా ఎక్కడిది బాబాయ్?" అని అడిగాను.

ఆయన తలొంచి తన పొట్టను తనే పరీక్షగా చూసుకున్నాడు. "మా అల్లుడిచ్చాడమ్మా. చెమట బాగా పీలుస్తది" అన్నాడు.

గుర్తుల సార్ ఉండి ఉంటే ఆ పెద్దాయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి గంటసేపు వదిలేవారు కాదు. మేక దేనికి గుర్తు, కొమ్ములు ఎటు తిరిగాయి, సిలువను ఎవరు తిప్పారు, ఎందుకు తిప్పారు అన్నీ చెప్పి, ఆ పూట బఠాణీలు అమ్ముడుపోకుండా చేసేవారు. సార్ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు నవ్వే వస్తుంది. ఇప్పటికీ అంతే.

ఎదుట "సార్" అనేవాళ్ళం. వెనక మాత్రం గుర్తుల సార్. ఒకసారి ఎన్నికల ముందు ఎవరో నిజంగానే పార్టీ గుర్తుల గురించి కనుక్కుందామని ఆయన ఇంటికి వెళ్ళారట. సార్ ఆ మనిషినీ వదల్లేదు. ఒక్కొక్క గుర్తు వెనక ఏ దుష్టశక్తి ఉందో విడమరచి చెప్పి పంపారట. ఆ మనిషి ఆ ఏడు ఓటు వెయ్యలేదని తెనాలిలో చెప్పుకునేవారు.

ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. మా చర్చి సంఘంలో పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల పొట్టిచేతుల చొక్కాలో ఉండేవారు. జేబులో రెండు పెన్నులు. ఎర్రది సాతాను మాటల కింద గీయడానికి. నీలంది ప్రభువు మాటల కింద గీయడానికి. నేను చూసినంతకాలం నీలం పెన్నులో సిరా తగ్గలేదు.

రెండువేల నాలుగైదు సంవత్సరాల్లో ఆయనకు కొత్త పని దొరికింది. కుర్రకారు వినే, గిటార్లూ అరుపులూ హోరెత్తే మెటల్ పాటల్లో సాతాను దాచిన గుర్తుల్ని బయటపెట్టడం. తెనాలి, బాపట్ల, రేపల్లె, మధ్యలో ఏ ఊళ్ళో యువజన కూటం పెట్టినా సార్ ఒక సూట్‌కేసుతో దిగేవారు. అందులో సీడీ ప్లేయరు, చార్టులు, పాటల మాటలు రాసుకున్న పొడుగు నోటుపుస్తకాలు.

ఆయన పాట వినే తీరు చూడాలి. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. కళ్ళు మూసుకుని, పంటినొప్పి వచ్చినట్టు మొహం పెట్టేవారు. బల్ల కింద మాత్రం కుడిపాదం డ్రమ్ములతో సమానంగా తాళం వేస్తుండేది. ఒక్క దెబ్బ తప్పేది కాదు. నడుం పైభాగం సాతానుతో పోరాడుతుంటే నడుం కిందిభాగం వాడితో రాజీపడిపోయిందన్నమాట. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పాట అయ్యాక ఎర్రపెన్ను తీసేవారు. ముందు వ్యాకరణం దిద్దేవారు, ఆ తర్వాతే దైవదూషణ. "చూశావా, ఇక్కడ ఆర్టికల్ లేదు. సాతానుకి ఆర్టికల్స్ రావమ్మా" అని నిట్టూర్చేవారు. ఆ తర్వాత గుర్తులు. ఏ గుర్తు చూపించినా చివర ఒకటే మాట: "ఊరికే పెడతారా?"

"సీడీలో పాటలు తొమ్మిదే ఎందుకు పెట్టారు? తొమ్మిదిని తిరగేస్తే ఎంత? ఆరు, సాతాను అంకె! ఊరికే పెడతారా?"

"ఎనిమిది పాటలుంటే సార్?" అని అడిగాను ఒకసారి.

ఆయన కాసేపు ఆలోచించారు. "ఎనిమిదిని నడుం దగ్గర కోస్తే రెండు సున్నాలు. సున్నా అంటే శూన్యం. శూన్యానికి అధిపతి ఎవరు?" అన్నారు. ఆ దెబ్బకి నేను మళ్ళీ లెక్కల జోలికి వెళ్ళలేదు.

ఆయన దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది మా నాన్న. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, మెత్తని మనిషి. నేనప్పుడు తెనాలి నుంచి రోజూ ప్యాసింజర్లో బాపట్ల వెళ్ళి ఇంజనీరింగ్ చదువుతున్నాను. కాలేజీలో ఎవరో సీనియర్ ద్వారా మెటల్ పాటల సీడీలు నా చేతికొచ్చాయి. అవి విన్న రోజు నుంచీ నాకు వేరే పాట రుచించలేదు. ఎందుకంటే చెప్పలేను. మా ఇంట్లో ఎవరూ గట్టిగా అరవరు. కోపమొస్తే గిన్నెలు నెమ్మదిగా పెడతారు. ఆ పాటల్లో నా తరఫున ఎవరో అరుస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు నాన్నకు నా సంచీలో సీడీ అట్ట కనబడింది. ఆయన తిట్టలేదు. అట్ట మీది పుర్రెను చాలాసేపు చూసి, "మెటల్ అంటే ఏంటమ్మా? ఇనప సామానా?" అని అడిగారు. నేను చెప్పిన జవాబు విని మరింత భయపడ్డారు. ఆ ఆదివారం ఆరాధన అవగానే నన్ను చెంచుపేటలో ఉన్న సార్ ఇంటికి తీసుకెళ్ళారు.

నాకు పెద్ద ప్రార్థన తప్పదనుకున్నాను. సార్ నా వంక కూడా చూడలేదు. సీడీ వంక చూశారు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు. ప్లేయర్లో పెట్టి రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్లు తీసేశారు.

"ఇందులో వీడు ఏమంటున్నాడో నీకు తెలుస్తుందా?"

"తెలుస్తుందండి."

"మొత్తం?"

"మొత్తమండి."

సార్ మొహం వెలిగిపోయింది. ఆయన కష్టమేమిటో అప్పుడు అర్థమైంది. నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషికి ఆ అరుపుల్లో ఒక్క మాట అంతుపట్టడం లేదు. సాతాను ఏమంటున్నాడో తెలియకుండా సాతానును ఎదుర్కోవడం ఎలా? "నువ్వు మాటలు రాసివ్వు తల్లీ. అర్థం నేను చెప్తాను" అన్నారు. సార్ వాళ్ళావిడ టీ తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు నేను విన్నది తక్కువ. సార్ ఎవరికీ ఖాళీ ఇచ్చేవారు కారు.

అలా నా రోగానికి వైద్యంగా ఆ పాటలు ప్రతి శనివారం వినమని మా నాన్నే పంపడం మొదలైంది. నాకు హాయిగానే ఉండేది. బాపట్ల కూటం దాకా.

ఆ కూటానికి సార్ నన్ను వెంటబెట్టుకెళ్ళారు. మా కాలేజీ పిల్లలు ఇరవై మంది దాకా వచ్చారు. చార్టులన్నీ చూపించాక సార్ హఠాత్తుగా నావైపు చెయ్యి చాపారు. "ఈ చెల్లిని చూడండి. ఆరు నెలల క్రితం ఈ పాటల చెరలో ఉంది. ఈరోజు విడుదల పొందింది. నిలబడమ్మా!"

నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. నా బ్యాగులో అప్పుడు కూడా రెండు మెటల్ సీడీలున్నాయి.

సోమవారం కాలేజీకి వెళ్ళేసరికి నాకు "విడుదల" అని పేరు పడిపోయింది. "ఏంటి విడుదలా, ఎన్ని సెంటర్లలో?" అని ఒకడు. "ఉదయం ఆటకి టిక్కెట్లున్నాయా?" అని ఇంకొకడు. ల్యాబులో అటెండరు కూడా నవ్వాడు. నెల రోజులు భరించాను. ఆ నెల రోజుల్లో సార్ మీద పెంచుకున్న కసి అంతా ఇంతా కాదు.

తర్వాతి కూటం రేపల్లెలో. దానికోసం సార్ ఇచ్చిన పాటలో రెండో చరణం నాకూ సరిగా తెలియలేదు. ఇంటర్నెట్ సెంటర్లో చూస్తే దొరికేది. చూడలేదు. నాన్న దగ్గరున్న ఇంగ్లీషు బైబిల్లో కీర్తనల గ్రంథం తీశాను. అందులో ఒక కీర్తన ఉంది. చాలా దుఃఖంలో ఉన్న మనిషి దేవుణ్ణి నిలదీస్తాడు. నువ్వు మొహం తిప్పుకున్నావు, అందరినీ నాకు దూరం చేశావు, చీకటి తప్ప నాకు తోడు లేదు అంటాడు. చాలా కీర్తనలు చివర్లో సర్దుకుంటాయి. అది సర్దుకోదు. దాని పాతకాలపు మాటలు మార్చి, చిన్నచిన్న ముక్కలుగా విరిచి రెండో చరణంగా రాసేశాను.

సార్ ఆ కాగితం చదివారు. ఎర్రపెన్ను తీశారు. ఒక గీత, దాని కింద రెండోది, దాని కింద మూడోది. పక్కన "పచ్చి దైవదూషణ" అని రాశారు.

"చీకటి తోడంట, చూశావా! ఇంతకంటే బాహాటంగా వాడి పేరు చెప్పరమ్మా. ఊరికే రాస్తారా?"

"రాయరండి" అన్నాను. ఇంటికెళ్ళి డాబా ఎక్కి కడుపు పట్టుకుని నవ్వాను. నా ఉద్దేశం అంతవరకే. ఎప్పటికైనా ఎవరో ఒక పాస్టరు పట్టుకుంటారు, సార్ నాలిక కరుచుకుంటారు, నా బాకీ తీరిపోతుంది.

రేపల్లె కూటం శనివారం మధ్యాహ్నం. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు. యువజన కూటమన్న మాటే గానీ యువజనులు పదిమంది లేరు. నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు, ముసలమ్మలు నిండుగా కూర్చున్నారు. సార్ వెనక్కి తగ్గలేదు. చూపుడువేలు, చిటికెనవేలు పైకి లేపి మిగతావి ముడిచి, "ఇదిగో, ఇది కొమ్ముల గుర్తు!" అని గట్టిగా చూపించారు. పెద్దమనిషి స్టేజీ మీద నుంచి చెయ్యెత్తాడు కదా అని, మర్యాదకి ఆ ఆడవాళ్ళందరూ అలాగే చేతులెత్తారు. షెడ్డు నిండా కొమ్ములు.

"దించండమ్మా, దించండి!" అని సార్ కేకలు. నాకు ప్రాణం పోయేటంత నవ్వు.

ఆ తర్వాత నా కాగితం తీశారు. ఇంగ్లీషులో చదివి తెలుగులో అర్థం చెప్పారు. "ఈ పాటగాడు దేవుణ్ణి ఏమంటున్నాడో వినండి. నువ్వు మొహం తిప్పుకున్నావంటున్నాడు. నాకు చీకటే తోడంటున్నాడు. ఇది మనిషి మాట కాదు. వాడి నోట సాతాను పలికిన మాట!"

మూడో వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడింది. పొట్టిగా, నేత చీరలో ఉంది. "అయ్యా, అది కీర్తనల్లో మాట కదా?" అంది.

సార్ చిరునవ్వు నవ్వారు. "సాతాను వాక్యాన్ని ఎత్తుకుపోతాడమ్మా. వాడి పనే అది."

జనం తలలూపారు. ముసలమ్మ కూర్చోలేదు.

"ఎత్తుకుపోయాడో లేదో నాకు తెలవదయ్యా. నాకు చదువు రాదు. అయ్యగారు చదువుతుంటే ఇన్నాను. మా పెద్దోడు కాలవలో పడి పోయిన ఏడు, పొద్దున లేవగానే ఆ మాటే అనేదాన్ని. పని కాడ కూడా అదే అనుకునేదాన్ని. ప్రార్థన అనే అనుకున్నా. అప్పుడు నా నోట పలికింది సాతానా అయ్యా?"

మైకు కీచుమని ఆగిపోయింది. సార్ చేతిలో కాగితం చూసుకున్నారు. తర్వాత నావైపు చూశారు. నేను పైన రేకుల వంక చూస్తున్నాను. ఆ ముసలమ్మ మొహం చూశాక కూడా నా పెదవుల మీద నవ్వు వెంటనే పోలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

"కాదమ్మా" అన్నారు సార్. ఇంకేదో అనబోయి, కుర్చీలో కూర్చుండిపోయారు. ఆయన మాట మధ్యలో ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. అక్కడి పాస్టరుగారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు.

తిరుగు రైల్లో తెనాలి పొలిమేర దాకా ఆయన సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. దిగబోయే ముందు అడిగారు.

"ఆ చరణం పాటలో ఉందా అమ్మా?"

"ఉందండి."

"సరే" అన్నారు.

తర్వాత నన్ను పిలవలేదు. నాన్న అడిగితే నాకు పరీక్షలన్నాను. రెండు మూడు నెలలకి వింత కబుర్లు రావడం మొదలైంది. సార్ మా గుడిలోనే యువజన కూటంలో ఒక పాట పెట్టి, ఆ అరుపులన్నీ అయ్యాక "ఇది ప్రార్థన" అన్నారట. పాస్టరుగారు సార్‌కి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారట. సార్ పాత నోటుపుస్తకాలన్నీ తీసి, ఎర్రగీతల కింద నీలంగీతలు గీస్తున్నారట. "దేవుణ్ణి తిడుతున్నాడంటే, దేవుడు వింటున్నాడని వీడికి గట్టి నమ్మకమన్నమాట. మనకంత నమ్మకం ఉందా?" అని కమిటీ సభ్యుల్నే అడిగారట.

సార్‌కి మధ్యేమార్గం ఎప్పుడూ తెలియదు. అంతకుముందు ప్రతి గుర్తులో సాతానును చూశారు, ఇప్పుడు ప్రతి గుర్తులో ప్రభువును చూడటం మొదలుపెట్టారు. మోటారుసైకిల్ వేగం గురించిన ఒక పాటకు గంటన్నర అర్థం చెప్పి, ఆ మోటారుసైకిల్ పరిశుద్ధాత్మ అని తేల్చారట. మోటారుసైకిల్ మోటారుసైకిలే అయ్యుండొచ్చన్న ఆలోచన ఆయన ఛాయలకు రాలేదు. మొత్తానికి సంఘం సహనం నశించింది. ఆయన్ను సంఘపెద్దగా తీసేశారు. మైకు ఇవ్వవద్దని తీర్మానం చేశారు. ఎర్రపెన్నుతో ఊళ్ళన్నీ తిరిగినన్నాళ్ళు ఆయన్ను అంబాసిడర్ కారు పంపి పిలిపించుకున్నవాళ్ళే, ఇప్పుడు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవారు.

నాకు చదువైంది, చెన్నైలో ఉద్యోగం వచ్చింది. రెండువేల ఎనిమిది ప్రాంతంలో నా పెళ్ళి కుదిరింది. సార్‌కి శుభలేఖ ఇవ్వడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆయన బాగా చిక్కిపోయారు. శుభలేఖ తీసి రెండు చోట్ల కామాలు దిద్ది నాకే తిరిగిచ్చారు. "పెళ్ళికొడుకు ఏ పాటలు వింటాడు?" అని అడిగారు.

అప్పుడు చెప్పేశాను. "సార్, ఆ రెండో చరణం పాటలో లేదండి. నేనే కీర్తన చూసి రాశాను."

"తెలుసమ్మా" అన్నారు. "ఆ సోమవారమే ఇంటర్నెట్ సెంటరుకెళ్ళి చూశాను."

"మరి నన్ను అడగలేదేంటి సార్?"

"అడిగాను కదా, రైల్లో. ఉందన్నావు."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కడ చూడాలో తెలియక కింద గచ్చు చూశాను.

"నీ అబద్ధం సంగతి నువ్వు చూసుకో" అన్నారు. "నా సంగతి నాది. నలభై ఏళ్ళు చదివిన కీర్తన. నా తల్లి పోయినప్పుడు చదివించుకున్న కీర్తన. నల్లచొక్కావాడు రాశాడనుకోగానే గుర్తుపట్టలేకపోయాను. మూడు గీతలు గీశాను. పాటలో లేకపోవచ్చు, ఆ గీతలు మాత్రం నేను గీసినవే కదా. ఆ ఒక్కటీ గుర్తుపట్టనివాణ్ణి మిగతావి ఏం గుర్తుపట్టి ఉంటాను? అందుకని మళ్ళీ మొదట్నుంచీ విన్నాను."

"రేపల్లె మామ్మగారు..."

"వెళ్ళాను. ఊరు కనుక్కుని రెండుసార్లు తిరిగితే దొరికింది. తప్పయిందమ్మా అన్నాను."

"ఏమందండి?"

"టీ పెట్టనా అయ్యా అంది."

రెండేళ్ళకు సార్ పోయారు. జ్ఞాపకార్థ కూటానికి చెన్నై నుంచి వచ్చాను. ఆయనకు మైకు ఇవ్వవద్దని తీర్మానం చేసిన పాస్టరుగారే, అదే మైకు పట్టుకుని, ఈ దైవజనుడు సాతాను సంగీతం మీద చివరి శ్వాస దాకా పోరాడాడని చెప్పారు. ఆయన కూటాల వల్ల బాగుపడ్డ బిడ్డలు ఎందరో అన్నారు. నన్ను గుర్తుపట్టి, "ఇదిగో, ఈ చెల్లే సాక్ష్యం. వచ్చి రెండు మాటలు చెప్పమ్మా" అన్నారు.

వెళ్ళాను. ఈసారి మొత్తం చెప్పాను. నేను విడుదల పొందలేదని చెప్పాను. కీర్తనను పాటలో దూర్చానని, నలుగురిలో ఆయన్ను నవ్వులపాలు చేశానని, రైల్లో అబద్ధమాడానని, ఆయన ఆ పాటల్ని తిట్టడం మానేసి నాలుగేళ్ళయిందని, అందుకే కదా మీరు పెద్దరికం తీసేశారని చెప్పాను.

పాస్టరుగారు మెల్లగా మైకు నా చేతిలోంచి తీసుకున్నారు. "దేవునికి స్తోత్రం! మన సహోదరి పాపాన్ని కూడా ప్రభువు ఎలా వాడుకున్నాడో చూశారా?" అన్నారు. అందరూ స్తోత్రమన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. నేను చెప్పింది ఎవరికి ఏమర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు. వెనక ఎవరో పెద్దావిడ "మంచి సాక్ష్యం" అంది.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే సార్ వాళ్ళావిడ నా పక్కకొచ్చి నిలబడ్డారు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ అడగనివ్వలేదు.

"రేపల్లె నుంచి వచ్చిన పూట అన్నం తినలేదమ్మా. పుస్తకం ముందేసుకుని అలా కూర్చున్నారు. ఏంటండీ అంటే, ముసలమ్మకి జవాబు చెప్పలేకపోయానే అన్నారు." ఆవిడ కొంగు సర్దుకున్నారు. "నువ్వు నవ్వుకున్నావా ఆ రోజు?"

"నవ్వుకున్నాను ఆంటీ."

ఆవిడ నా మొహంలోకి చూశారు. లోపల పాట మొదలైంది. గుమ్మం దగ్గర జనం తప్పుకుని ఆవిడకి దారి ఇచ్చారు.

"నవ్వొచ్చే మనిషే" అన్నారు. "నేను పెళ్ళైన కొత్తల్లోనే మానేశాను."